ఐరిస్ దుంపలు, నేను రాయని చీటీ

ఎదురింటి ఆంటీ పోయారు. పోయిన బుధవారం పొద్దున్న నేను పిల్ల టిఫిన్ డబ్బా సర్దుతుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోనారు. నిద్రలోనే. హార్ట్ అంటున్నారు" అంది. "ఎన్నింటికి?" అని అడిగాను, బస్సు టైమ్ అడిగినట్టు. ఫోన్ పెట్టేసి తలుపు తీస్తే ఎదురుగా ఆవిడ తలుపు, పక్కన ఆవిడ గొడుగు. సింగపూరు టోవా పాయోలో ఈ నడవా చివర మా రెండు తలుపులకీ మధ్య ఉన్నది ఆరడుగులు. ఆ ఆరడుగులు దాటి నేను ఆవిడ ఇంట్లోకి వెళ్ళి ఆరేళ్ళయింది.

మా చిన్నదానికి చెబితే నమ్మలేదు. "నో లా! నిన్న లిఫ్ట్ దగ్గర షి గేవ్ మీ బిస్కెట్ ప్యాకెట్" అని నా మీదే కోప్పడింది. దానికి ఎనిమిదేళ్ళు. ఆంటీని పాట్టి అని పిలిచేది, అరవంలో అమ్మమ్మ అన్నట్టు. వాళ్ళిద్దరి మధ్య ఏ అరమరికా లేదు. ఉన్నదంతా నాకే.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచి చెప్పుకుంటాం. ఆంటీ మంచి చెప్పాలంటే నా చెడ్డ చెప్పకుండా కుదరదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందన్న నమ్మకం నాకు లేదు. అయినా చెబుతాను.

ఆంటీ తాతలు విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. ఆవిడ అక్కడే పుట్టి, నర్సు చదువుకి సింగపూరు వచ్చి, ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యారు. మేము ఈ ఫ్లాట్‌లో దిగిన రోజు మా సామాన్లు ఇంకా లిఫ్ట్ దగ్గరే ఉన్నాయి. ఆవిడ తలుపు తీసుకుని వచ్చి, "ఏటమ్మా, తెలుగోళ్ళా? మకాన్ అయిపోనాదా?" అన్నారు. మకాన్ అంటే భోజనమని నాకు అప్పటికి తెలియదు. ఒంగోలు వదిలి పదిహేను రోజులే అయింది. తెలుగు వినబడిందన్న సంబరంలో "అయింది ఆంటీ" అనేశాను. ఆవిడ నా మొహం ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళి, అన్నమూ రొయ్యల పులుసూ గిన్నెల్లో పెట్టి తెచ్చారు.

ఆవిడది నోటి తెలుగు. చదవడం, రాయడం రాదు. "మా అమ్మ నోట్లో పోసినాది, చేతిలో ఎట్టలేదు" అనేవారు నవ్వుతూ. రాతంతా ఇంగ్లీషే. ఆ రాత మాత్రం ఇంట్లో ప్రతి డబ్బా మీదా ఉండేది: పేరు, తేదీ. ఆఖరికి గాజు సీసాలో ఉప్పుకి కూడా చీటీ. "ఉప్పు కళ్ళకి కనబడుతోందిగా ఆంటీ!" అని వెక్కిరిస్తే, "పేరు లేని సీసా విషంతో సమానం. వార్డులో నేర్చినాను. నవ్వకు" అనేవారు. నేను ఇంకా నవ్వేదాన్ని.

చిన్నది పుట్టినప్పుడు మా అమ్మ రాలేకపోయింది. మూడు నెలలపాటు ఆంటీయే పొద్దున్నే వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోశారు. నాకు పథ్యం వండిపెట్టారు. నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాక పిల్ల ఆవిడ దగ్గరే పెరిగింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేనన్న మాటలు ఎవరిని అన్నానో మీకు తెలియాలి.

ఇక ఐరిస్‌ల సంగతి. రిటైరయ్యాక ఆంటీ ఎక్కడో చలిదేశంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళారు. ఆ ఇంటి వెనక నీటి గుంట గట్టున సైబీరియా ఐరిస్ పూలు చూశారు. సన్నటి పొడుగాటి కాడ, చివర ముదురు నీలం పువ్వు, కిందికి వాలిన రేకుల మొదట్లో తెల్లటి గీతలు. "సిరాబుడ్డి ఒలికిపోనట్టు ఉన్నాది అమ్మాయీ! ఒక్క పువ్వు, ఒక్కటంటే ఒక్కటి, నా గుమ్మంలో పూయాల" అనేవారు. ఊరి చివర క్రాంజీలో మొక్కల తోట నడిపే తెలిసినాయన చేత దుంపలు తెప్పించుకున్నారు. తెచ్చిన రోజే ఆయన చెప్పాడట, ఇది ఈ ఎండల్లో పూసే జాతి కాదని. ఆంటీ విన్నారు, నాటారు.

నడవా మూల, పొద్దుటెండ తగిలేచోట నాలుగు కుండీలు. ఆకులు బాగానే వచ్చాయి, వరినారులా. "నాట్లు అయ్యాయి, కోతలెప్పుడు ఆంటీ?" అని వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఏడిపించేదాన్ని. "నవ్వు, నవ్వు. పూసిన్నాడు నీకు చూపించను, పో" అనేవారు. ఏడాది తిరిగింది. పువ్వు లేదు, మొగ్గా లేదు.

ఆ మొక్క రెండు మూడు నెలలు చలిలో ముడుచుకుని పడుకుంటేనే లోపల మొగ్గ కడుతుందట. సింగపూరులో చలి ఎక్కడిది? డిసెంబరు వానల్లోనూ ఫ్యాను వేసుకునే పడుకుంటాం. మొదట ఆంటీ సాయంత్రం సాయంత్రం కుండీల మొదట్లో ఐసు ముక్కలు పరిచారు, జ్వరం వచ్చిన పిల్లకి నుదుటి మీద తడిగుడ్డ వేసినంత శ్రద్ధగా. ఆ నీళ్ళు కింద పళ్ళేల్లో నిలిస్తే దోమల తనిఖీ వాళ్ళు వచ్చి పారబోయించారు. "మొక్కకేమో తడి కావాల, ఆళ్ళకేమో దోమంటే బయ్యం, మధ్యలో నాను" అని తల పట్టుకున్నారు.

రెండో ఏడు ఫ్రిజ్ ఉపాయం మొదలుపెట్టారు. మొక్కని పైకి తీసి, మట్టి కడిగి, ఆకులు నాలుగు వేళ్ళ ఎత్తుకి కత్తిరించి, తడి కొబ్బరిపీచులో చుట్టి, ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టడం. పది వారాల తరవాత తీసి నాటితే, ఒక కాడ లేచింది! దాని చివర ఒకే ఒక మొగ్గ. ఆ వారమంతా ఆంటీ నడవాలో పిల్లినడకలు నడిచారు. మొగ్గ విప్పకుండానే గోధుమరంగుకి తిరిగి ఎండిపోయింది. వెతగ్గా వెతగ్గా ఆవిడకి తేలిందేమిటంటే, తప్పు ఆపిల్ పళ్ళదని. బిషాన్ పేటలో ఉండే కూతురు తెచ్చే ఆపిల్స్ ఆ ఫ్రిజ్ నిండా ఉంటాయి. పండే పండు పక్కన పెడితే, దాని గాలికి దుంపలోని మొగ్గ చచ్చిపోతుందట.

మూడో ఏడు ఆంటీ మా తలుపు కొట్టారు. "నీకు ఆవకాయ ఫ్రిజ్ ఉన్నాది కదా, దాని కింద అర నాకిచ్చీగలవా?" మా ఇంట్లో పచ్చళ్ళకీ దోసెల పిండికీ రెండో ఫ్రిజ్ ఉంది. "ఇస్తాను గానీ, మొదటి పువ్వు నాకు" అన్నాను. "నీ గుంటకి ఇస్తాను, నీకివ్వను" అన్నారు పిల్లని చూపిస్తూ. ఏడు దుంపలు పొట్లం కట్టి తెచ్చారు. పొట్లం మీద అలవాటు ప్రకారం ఇంగ్లీషులో చీటీ: ఐరిస్, తినరాదు, తేదీ.

అప్పటికి చిన్నదానికి రెండేళ్ళు నిండాయి. మాటలు రాలేదు. అమ్మా అనడం తప్ప ఉలుకూ పలుకూ లేదు. ఒంగోలులో మా అమ్మకి అదే బెంగ. ఫోన్లో రోజూ ఒకటే ప్రశ్న: "దానికి వస పోశారంటే, లేదంటే?" మన పల్లెల్లో, పట్నాల్లో కూడా, పిల్లలకి మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకిస్తారు కదా. అది ఇక్కడ దొరకదమ్మా అంటే, "అయితే నేనే వస్తా" అని బయల్దేరింది.

అమ్మ వచ్చే ముందు రోజు ఆంటీ మా ఇంటికి వచ్చారు. నేను వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఒక చెవికి ఫోను, చేతిలో బెండకాయలు. ఆంటీ నా రెండో చెవి దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "మీ అమ్మకి ఇంగ్లీషు రాదు కదా. ఆ పొట్లం మీద తెలుగులో రాసీ. నాకు రాయడం రాదు" అన్నారు. స్టిక్కర్ కాగితాలూ పెన్నూ కూడా ఆవిడే తెచ్చి గట్టు మీద పెట్టారు. నేను తలూపి, "అలాగే ఆంటీ, సాయంత్రం రాసేస్తా" అన్నాను. రాయలేదు. అంతే. పెద్ద కారణమేమీ లేదు.

అమ్మ వచ్చిన నాలుగో రోజు, నేను ఆఫీసులో ఉండగా, పెరుగు కోసం ఆ ఫ్రిజ్ తెరిచి పొట్లం విప్పింది. గణుపులు గణుపులుగా, వేళ్ళంత కొమ్ములు. వస దొరకదంటూనే కూతురు ఎక్కడో సంపాదించి దాచిందని మురిసిపోయింది. తరవాత "చీటీ చూడలేదా అమ్మా?" అని అడిగితే, "చూశానే. ఈ దేశంలో అన్నిటి మీదా ఇంగ్లీషు చీటీలేగా, కొట్టువాళ్ళది అనుకున్నా" అంది. గంధపు సాన మీద ఒక కొమ్ము అరగదీసి, తేనెలో కలిపి, పిల్ల నాలుక మీద రాసింది.

కాసేపటికే పిల్ల పెదాలు ఎర్రబడి, చొంగ కారి, వాంతులు మొదలయ్యాయి. అమ్మ పిల్లని ఎత్తుకుని ఎదురింటికి పరిగెత్తింది. ఆంటీ పిల్ల నోరు కడిగి, అంబులెన్స్ పిలిచి, మిగిలిన కొమ్ము ముక్క సంచిలో వేసుకుని తానూ ఎక్కారు. అదేం మొక్కో, ఎంత తిన్నదో డాక్టర్లకి ఆవిడే చెప్పారు. నేను వెళ్ళేసరికి పిల్ల నీరసంగా పడుకుని ఉంది. చాలా కొంచెమే తిన్నది, భయం లేదు, సాయంత్రం తీసుకెళ్ళచ్చు అన్నారు డాక్టర్లు.

భయం లేదన్నాక నాకు కోపం వచ్చింది. నా నోటికి హద్దూ పద్దూ ఉండదు. "ఈ వయసులో మీకీ పువ్వుల పిచ్చేంటి ఆంటీ? నా ఇంట్లో విషం తెచ్చి పెడతారా? నా బిడ్డకేమన్నా అయితే ఎవరిది పూచీ?" అని అరిచాను. వార్డులో నర్సులందరూ తిరిగి చూశారు. ముప్పై ఏళ్ళు నర్సుగా బతికిన మనిషిని నర్సుల ముందు నిలబెట్టి కడిగేశాను. ఆవిడ తలవంచుకుని, "తప్పు నాదే అమ్మాయీ" అన్నారు. మూలన కూర్చుని ఏడుస్తున్న అమ్మ దగ్గరికి వెళ్ళి, "మీ తప్పు లేదు అక్కా, మీకెలా తెలుస్తాది?" అని వీపు నిమిరారు.

నిజం చెబుతున్నాను, అరిచేటప్పుడు నాకు గుర్తు లేదు. ఇంటికొచ్చి వంటింట్లో అడుగుపెట్టాక, గట్టు మీద ఆ స్టిక్కర్ కాగితాలు, వాటి మీద పెన్ను కనబడ్డాయి. వాటిని సొరుగులోకి తోసేశాను. మిగిలిన ఆరు దుంపలూ తీసుకెళ్ళి నడవాలో చెత్త కిందికి జారవిడిచే గొట్టంలో పడేశాను. ఆంటీ తన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "పడేసీ, అదే మంచిది" అన్నారు.

అప్పుడు కూడా మించిపోలేదు. నేను చేసిన అసలు పాపం పది రోజుల తరవాతది. పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ లిఫ్ట్ నొక్కాను. అమ్మ పిల్లని చంకనేసుకుని మా గుమ్మంలో నిలబడి ఉంది. ఆంటీ వచ్చి, చాలా మొహమాటంగా, నేరం చేసినట్టు అడిగారు. "అమ్మాయీ, ఒక్క మాట. తెలుగులో రాయమని ఆ దినం నీకు నాను చెప్పినాను కదా? చెప్పినట్టే ఉన్నాది. నువ్వు అలాగే అన్నట్టు కూడా ఉన్నాది."

అమ్మ వింటోంది. ఆసుపత్రిలో అంత రభస చేశాక, అమ్మ ముందు, తప్పు నాదని ఎలా ఒప్పుకోను? "గుర్తు లేదు ఆంటీ. మీరు చెప్పలేదనుకుంటా" అన్నాను. లిఫ్ట్ వచ్చింది. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, "అలాగా. అయితే మరిచిపోయుంటాను" అన్నారు. నేను లిఫ్ట్ ఎక్కేశాను.

ఆ వారమే నడవాలోని కుండీలు నాలుగూ క్రాంజీకి వెళ్ళిపోయాయి. "పిల్లని నా దగ్గర ఒదలకు అమ్మాయీ, నా మీద నాకే నమ్మకం లేదు" అన్నారు. నా మీద కోపమనుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, కాస్త తేలిక కూడా పడ్డాను. పిల్లకి మాత్రం ఏ వసా లేకుండానే మరుసటేడు మాటలొచ్చాయి. ఇప్పుడు వసపిట్టే, నోరు మూయదు.

ఆరేళ్ళు తేలు కుట్టిన దొంగలా బతికాను. ఎదురుపడితే నవ్వేవాళ్ళం, వాన గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆంటీ లిఫ్ట్ దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి తలుపు తాళం లాగి చూసుకోవడం ఎన్నిసార్లు చూశానో. పెద్దవాళ్ళకి మామూలే అనుకున్నాను, కాదు, అలా అనుకోవాలనుకున్నాను. ఒకసారి చెప్పేద్దామని వెళ్ళి బెల్లు కొట్టాను. ఆవిడ తలుపు తీసి, "ఏటమ్మా?" అన్నారు. "కరివేపాకు ఉందా ఆంటీ?" అన్నాను. మా కిటికీలో నిండుగా కరివేపాకు చెట్టు ఉంది, ఆవిడ అంటు తొక్కి ఇచ్చిందే. రెండు రెమ్మలు తుంచి ఇచ్చారు. అవతల ఒంగోలు నుంచి అమ్మ, "ఆ పెద్దామె బాగుందా? పాపం మతిమరుపు మనిషి" అని అడిగినప్పుడల్లా, "బాగుందమ్మా" అనేదాన్ని.

మొన్న ఆదివారం ఆంటీ కూతురు ఇల్లు సర్దుతూ సాయం పిలిచింది. నేను అక్కా అని పిలుస్తాను. ఆరేళ్ళ తరవాత ఆ వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పైన గోడ నిండా ఇంగ్లీషులో చీటీలు. ఆపు. ఆపాక మళ్ళీ చూడు. ఇంకోసారి చూడు. గ్యాస్ మీటలకి పైన ప్లాస్టరు వేసి ఉంది. వంట మానేసి చాలాకాలమైందట. ఫోను పక్కన ఒక నోటు పుస్తకం. ఏ రోజు ఎవరికి ఏం చెప్పారో అందులో, అదీ ఇంగ్లీషులోనే, రాసుకున్నారు. ఒకచోట: "ఎదురింటి అమ్మాయికి రేపు నీళ్ళు రావని చెప్పాను. ఆమె విన్నది. సరే అన్నది." ఆ చివరి రెండు మాటల కింద గీత గీసి ఉంది.

"ఇదంతా ఏంటక్కా?" అన్నాను.

"అమ్మకి మెమరీ పోనాదని భయం. మూడుసార్లు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళినాను, టెస్టులు అన్నీ పాస్ లా! ఏమీ లేదు అన్నారు. అమ్మ నమ్మలేదు. 'అంత పెద్ద మాట చెప్పడం మరిచిపోనాను, ఒక పసిగుంట చచ్చిపోవలసినాది, ఏమీ లేదని నాకెవరూ చెప్పకండి' అంటాది. బిషాన్‌లో మాతో ఉండమంటే రాలేదు. 'మీ పిల్లలకి ఏం పెట్టీస్తానో' అంటాది." అక్క చీటీ ఒకటి గోకుతూ మామూలుగానే చెప్పుకుపోతోంది. "మీకు చాలా సారీ చెప్పమనేది, ఎప్పుడూ."

గట్టు పట్టుకుని చెప్పాను. "అక్కా, ఆంటీ చెప్పారు. తెలుగులో రాయమని నాకు చెప్పారు. కాగితం, పెన్ను కూడా తెచ్చిచ్చారు. నేనే రాయలేదు. తరవాత అడిగితే చెప్పలేదని అబద్ధమాడాను. ఆంటీ ఏదీ మరిచిపోలేదు."

అక్క నన్ను తిట్టలేదు. తిడితే పడేదాన్ని. "మీకు తెలుసా?" అంది, "ఆరేళ్ళూ తెలుసా?" తలూపాను. అక్క చేతిలో గుడ్డ గట్టు మీద పెట్టి, హాల్లోకి వెళ్ళింది. అక్కడ బల్ల మీద ఆంటీ ఫోటో, దండ, దీపం. ఆంటీకి ఈమధ్య ఎడమ చెవి బొత్తిగా వినబడేది కాదట. అక్క కుర్చీ పక్కకి జరిపి, బల్ల మీదకి వంగి, ఫోటోలో కుడి చెవి దగ్గర మొహం పెట్టి, ఆవిడతో రోజూ మాట్లాడినట్టే గొంతు పెంచి చెప్పింది.

"అమ్మా! నువ్వు చెప్పినావంట. మరిచిపోలేదంట. వినిపించినాదా? నువ్వు మరిచిపోలేదంట!"

మూడోసారి చెప్పేసరికి ఆ గొంతు నడవాలోకి కూడా వినబడుతోంది. నేను వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాను.